వింబుల్డన్ పచ్చికపై బ్రిటిషు వనితలు

లండను నగరమునకు నైరృతి దిక్కున వింబుల్డన్ అను నొక పేట కలదు. ప్రతి సంవత్సరము వేసవిలో రెండు వారములపాటు టెన్నిసు లోకమంతయు ఆ పేటవంకకే తిరిగి చూచును. ఈ యాటకు నాలుగు మహాపోటీలు గలవు. వానిలో నేఁటికిని పచ్చికమీఁద నాడఁబడునది ఇది యొక్కటే. ఆ పచ్చికమీఁద తమ దేశపు వనితలు ఆడుచుండఁగా చూచి, గెలిచినపుడు పొంగియు, ఓడినపుడు నిట్టూర్చియు, నూటనలువది యేండ్లుగా కూర్చుండివచ్చుచున్న ప్రేక్షకసమూహ మొకటి కలదు. నేను చెప్పఁదలఁచినది ఆ క్రీడాకారిణులనుగూర్చియు, వారిని చూచినవారినిగూర్చియును. వ్యాకరణము బోధించుచు వయస్సు గడపినవాఁడు టెన్నిసునుగూర్చి ప్రసంగించుట యేమని శ్రోతలలో కొందఱకు సందేహము గలుగవచ్చును. గీతకు లోపల పడినదా, వెలుపల పడినదా యను ప్రశ్నకు రెండే సమాధానము లుండు విద్య వ్యాకరణము తరువాత నాకు ఇది యొక్కటే కనఁబడినది. నా యభిరుచికి అంతకంటె కారణము వెదకి యెఱుఁగను.

1868వ సంవత్సరమున క్రోకే యాటకై యొక సంఘ మచ్చట ఏర్పడెను. క్రోకే యనఁగా కొయ్యసుత్తితో బంతిని కొట్టి చిన్న యినుపకమ్మీల సందులగుండ పంపు నాట. 1875లో ఆ సంఘము తన పచ్చికబయలులో కొంతభాగమును క్రొత్తగా వచ్చిన టెన్నిసునకు విడిచెను. 1877లో మొదటి పోటీ జరిగెను. ఇరువదియిద్దఱు పురుషులు పాల్గొనిరి. తుదిపోటీని చూచుటకు షిల్లింగు చొప్పున చెల్లించి వచ్చినవారు సుమా రిన్నూఱుమంది. స్త్రీలకు ఆ పోటీలో చోటులేకుండెను. వారికి ఆట రాక కాదు. తోఁటలలో వారును ఆడుచునే యుండిరి. డబ్లిను నగరమున 1879లోనే స్త్రీలకు పోటీ పెట్టిరి. వింబుల్డను పెద్దలు మఱియైదేండ్లు ఆలోచించి, 1884లో ద్వారము తెఱచిరి.

ఆ యేఁట వచ్చినవారు పదుమువ్వురు. తుదిపోటీలో ఎదురెదురుగా నిలిచినవారు అక్కచెల్లెండ్రు. వార్విక్షైరు మండలమున బర్క్స్వెల్ గ్రామపు చర్చిగురువు కూఁతుండ్రగు లిలియన్ వాట్సన్, మాడ్ వాట్సన్ అనువారు. చిన్నది మాడ్, పందొమ్మిదేండ్లది. మొదటి సెట్టు ఓడి, తక్కిన రెండును గెలిచి, 6-8, 6-3, 6-3తో అక్కను జయించెను. గెలిచినదానికి ఇరువది గిన్నీల వెలగల వెండి పూలబుట్ట. ఓడినదానికి వెండియు గాజును గలిపి చేసిన చేతియద్దమును కురులు దువ్వుకొను కుంచెయును. పురుషులను బలవంతులుగను, స్త్రీలను అలంకారప్రియులుగను తలఁచుకాలమది. బహుమానముల యెంపికయే ఆ తలంపును చెప్పుచున్నది. అయినను రెండేండ్లలో, అనఁగా 1886లో, ఆ బుట్టకు మాఱుగా వెండిపళ్లె మొకటి ఏర్పఱచిరి. నేఁటికిని విజయిని చేత పట్టుకొని నిలుచునది ఆ పళ్లెమే. దాని యంచుమీఁద ఏమి చెక్కఁబడియున్నదో తెలిసికొన్నప్పుడు నాకు మిక్కిలి సంతోషము గలిగినది. మినర్వా యను విద్యాదేవతయు, ఆమె చుట్టును సప్తవిద్యలును. ఆ యేడింటిలో వ్యాకరణమును తర్కమును గలవు! బంతియాటలో గెలిచినవారికి వ్యాకరణమును చేతఁబెట్టు దేశమును నేను మెచ్చకుండ నుండఁజాలను.

ఆ కాలపు వనిత ఎట్టి దుస్తులతో పరుగెత్తెనో తలఁచుకొన్నచో ఆశ్చర్యమగును. పాదములదాఁక జీరాడు గౌను, దాని లోపల మఱికొన్ని పావడలు, నడుమును బిగించు గట్టి కట్టు, మణికట్టులదాఁక చేతులు, నెత్తిమీఁద టోపీ. ఇవియన్నియు ధరించి, ఒకచేత రాకెట్టు పట్టుకొని, మఱియొకచేత కుచ్చిళ్లు ఎత్తిపట్టవలసి వచ్చుచుండెను. ఇట్టి దశలో లాటీ డాడ్ అను బాలిక వచ్చినది. 1887లో ఆమె విజయినియగునాఁటికి వయస్సు పదునైదేండ్ల 285 దినములు. అంతకంటె చిన్నవయస్సున అచ్చట సింగిల్సు గెలిచినవా రిప్పటివఱకును లేరు. పసిదగుటచేత పాఠశాలకుఁ బోవు పిల్లలవలె కుఱుచ గౌను ధరించు సౌకర్యము ఆమెకు దొరకెను. చూచినవారు ఆమె చిన్నతనమును మెచ్చిరేగాని, ఆ కుఱుచగౌను చేసిన మేలును గమనించినవారు అరుదు. ఆమె ఐదుమాఱులు గెలిచి, ఇరువదిరెండవయేఁటికే ఆ యాటపై విసిగి మానుకొని, పిమ్మట ఇంగ్లండుపక్షమున హాకీ యాడెను. 1904లో గోల్ఫునందు జాతీయ విజయినియయ్యెను. 1908 ఒలింపిక్కులలో విలువిద్యయందు రజతపతకము గొనెను. బ్లాంచి హిల్యర్డ్ అను నామె ఆఱుమాఱులు గెలిచినదయ్యును, లాటీ ఎదుట నిలిచినపుడు మాత్రము ఎన్నఁడును గెలువలేకపోయెను.

షార్లట్ కూపర్ అను నామెనుగూర్చి కొంచె మాఁగి చెప్పవలెను. ఆమె యొక పిండిమరవాని కూఁతురు. ఒకయేఁడు గెలిచి సైకిలుపై నింటికిఁ బోఁగా, కంచె కత్తిరించుచున్న సోదరుఁడు తల యెత్తి ఎక్కడికిఁ బోయితివని యడిగెనఁట. 1900లో పారిసు ఒలింపిక్కులయందు వ్యక్తిగతపోటీలో గెలిచిన మొదటి స్త్రీ ఈమెయే. వింబుల్డనులో ఐదుమాఱులు విజయిని. చివరి గెలుపు 1908లో, ముప్పదియేడవయేఁట, ఇద్దఱు బిడ్డల తల్లియై. ఆ వయస్సున సింగిల్సు గెలిచిన స్త్రీ అచ్చట మఱియొకతె లేదు. ఇన్నిటికంటెను నాకు ముఖ్యమని తోఁచిన సంగతి యొకటి కలదు. ఇరువదియాఱవయేఁట ఆమెకు చెవులు పోయినవి. అనఁగా 1898, 1901, 1908 సంవత్సరముల విజయములు మూఁడును నిశ్శబ్దములో నార్జించినవే. బంతి రాకెట్టుకు తగులు చప్పుడునుబట్టియే దాని వేగమును పసిగట్టు నలవాటు ఆటగాండ్రకు కలదు. ఆమెకు ఆ సహాయము లేదు. ప్రేక్షకుల రొద కూడ లేదు. ఈ రెండవది లోపమా, లాభమా యను ప్రశ్నను శ్రోతలు మనస్సున నుంచుకొందురుగాక.

1884 మొదలు 1914 వఱకు ముప్పదియొక్క పోటీలు జరిగెను. వానిలో రెండుమాత్రమే పరదేశమునకుఁ బోయినవి. 1905లోను 1907లోను అమెరికాపక్షమున మే సటన్ గెలిచెను. ఆమె కూడ పుట్టినది ఇంగ్లండులోనే! తక్కిన ఇరువదితొమ్మిదియు బ్రిటిషు దీవుల వనితలవే. తరువాతి నూఱేండ్లకుపైఁగా కాలములో వారికి దొరకినవి ఏడుమాత్రమే. ఈ లెక్క చూచి ఆ జాతి వనితల సామర్థ్యము క్షీణించెనని వ్రాయువారు కలరు. నాకది సరిగా తోఁపదు. తొలినాళ్లలో సొంతతోఁటలో పచ్చిక పెంచుకొనఁగల కుటుంబముల పిల్లలే ఈ యాట నేర్చిరి. చర్చిగురువుల కూఁతుండ్రు, వర్తకుల కూఁతుండ్రు, అంతే. ద్వారము సన్ననైనపుడు లోపలివారే లోపలివారిని గెలుతురు. ఆ ద్వారము వెడల్పైన దినమేదియో తేదీతో సహా చెప్పవచ్చును. అది 1919 జూలై 5వ తేది.

అంతకుముందు ఏడుమాఱులు గెలిచిన డొరొథియా లాంబర్ట్ చేంబర్సు ఆనాఁడు తన బిరుదమును కాపాడుకొనుటకు నిలిచినది. ఈమెయు ఒక చర్చిగురువు కూఁతురే. ఆ కాలపు నిబంధన ప్రకారము ముందటి విజయిని క్రిందిపోటీలలో ఆడ నక్కఱలేదు. తక్కినవారందఱిలో నెగ్గివచ్చినవారితో ఒక్కమాఱు తలపడిన చాలును. నాలుగేండ్లు యుద్ధముచేత పోటీలు నిలిచిపోయినవి. 1914 విజయినియగు ఆమెకు ఇప్పుడు వయస్సు నలువది. ఎదుట ఫ్రాన్సునుండి వచ్చిన సుజాన్ లాంగ్లెన్, ఇరువదేండ్లది. వృద్ధురాలనఁదగిన యామెకు పొడవు గౌనును, మణికట్టులదాఁక చేతులుగల రవికయు. చిన్నదానికి పిక్కలదాఁక మాత్రమే వచ్చు తేలిక దుస్తులు, నడుమున కట్టులేదు, ముంజేతులు బయటనే యుండెను. రాజగు ఐదవ జార్జియు, రాణి మేరీయు వచ్చి కూర్చుండిరి. చుట్టును సుమా రెనిమిదివేల జనము.

మొదటి సెట్టు 10-8తో చిన్నది గెలిచెను. రెండవది 6-4తో పెద్దది గెలిచెను. మూఁడవదానిలో చిన్నది 4-1తో ముందు నడచెను. అంతలో అలసిపోఁగా, తండ్రి ప్రేక్షకులనడుమనుండి బ్రాందీలో తడిపిన చక్కెరపలుకులు విసరెను. ఆమె వానిని నోట వేసికొనెను. పెద్దది మాత్ర మేమియు పుచ్చుకొనక, ఒక్కొక్క గేమే పోగుచేయుచు 6-5కు వచ్చి, ఇఁక రెండు పాయింట్లలో ఏదియొక్కటి దొరకినను గెలుపు తనదే యను స్థితికిఁ జేరెను. అపుడొక బంతి లాంగ్లెన్ రాకెట్టు తంత్రులకు తగులక, దాని కొయ్యచట్రమునకు తగిలి, వలపైనుండి తొట్రిల్లి యీవల పడెను. కొట్టినది ఉద్దేశించినదెబ్బ కాదు. ఆ చట్రము ఒక వ్రేలెడు ఇటునటు ఉండినచో చరిత్ర వేఱుగ నుండెడిది. రెండవ యవకాశమును జాఱిపోయెను. చివరకు 9-7తో మూఁడవ సెట్టును, దానితో బిరుదమును ఫ్రాన్సునకుఁ బోయినవి. మొత్తము నలువదినాలుగు గేములు. స్త్రీల తుదిపోటీలో అన్ని గేములు మఱల నాడుటకు ఏఁబదియొక్క యేండ్లు పట్టెను. బ్రిటిషు వనితలు వింబుల్డనులో ఆడిన ఆటలన్నిటిలో గొప్పది యేదియని నన్నడిగినచో, వారు గెలిచినవానిని విడిచి, ఈ యోడినదానినే చెప్పుదును. ఏడు గెలుపులలో కనఁబడని చేంబర్సు ఈ యొక్క యోటమిలో కనఁబడుచున్నది.

1922లో క్రీడాస్థలము నేఁడున్న చోటికి మాఱెను. పాతనిబంధనయు పోయి, ముందటి విజయిని కూడ మొదటినుండి ఆడవలసిన దయ్యెను. కిట్టీ మెకేన్ 1924లో, ఒక సెట్టు ఓడి రెండవదానిలో 1-4తో వెనుకఁబడియు, అమెరికా వనితయగు హెలెన్ విల్సును జయించెను. ఎనిమిదిమాఱులు వింబుల్డను గెలిచిన హెలెన్ అచ్చట సింగిల్సులో ఓడినది ఆ యొక్కమాఱే. 1926లో కిట్టీ మఱల గెలిచెను. అప్పటికి వివాహమై గాడ్ఫ్రీ యను పేర నాడుచుండెను. ఆ యేఁడే భర్తతోఁ గూడి మిశ్రజంటల పోటీని గూడ గెలిచెను. డొరొతీ రౌండ్ 1934లోను 1937లోను విజయిని. ఆదివారము చర్చిలో పిల్లలకు పాఠములు చెప్పునట్టి యామె ఆదివారమున బంతి ముట్టనని పట్టుపట్టెను. ఉపాధ్యాయవృత్తి నవలంబించినవాఁడను గాన ఈమెయందు నాకు కొంత పక్షపాతము కలదు. ఆమె మొదట గెలిచిన 1934లోనే, లీలా రో అను మనదేశపు వనిత వింబుల్డనులో ఒక యాట గెలిచిన మొదటి భారతీయురాలయ్యెను.

1927నుండి వింబుల్డను ఆటలను రేడియోలో వర్ణించి చెప్పుట మొదలయ్యెను. చూచువారి సంఖ్యకు వినువారి సంఖ్య తోడయ్యెను. మొదట చెప్పిన లాటీ డాడ్ ముసలితనమున ఏటేట ఆ వర్ణనములు వినుచుండెడిది. 1960 జూన్ 27న, ఎనుబదియెనిమిదవయేఁట, పడకమీఁదనుండి వింబుల్డను ప్రసారము వినుచునే ఆమె కన్నుమూసెనని చెప్పుదురు. మఱియొక యేఁడు బ్రదికియున్నచో, నలువదియేడేండ్లుగా జరుగని యొక సంగతిని ఆమె వినియుండెడిది.

అది 1961 నాఁటి తుదిపోటీ. వలకు రెండువైపులను బ్రిటిషు వనితలే. 1914 తరువాత అట్లు జరుగుట అదియే మొదలు. ఒకతె క్రిస్టీన్ ట్రూమన్, ఇరువదేండ్లది, పొడగరి, నవ్వుముఖము. దేశమంతయు ఆమెను తమ యింటిపిల్లగా భావించెను. రెండవది ఏంజెలా మార్టిమర్, ఇరువదితొమ్మిదేండ్లది, మితభాషిణి, ఓర్పుతో బంతిని తిరిగి పంపుటయే ఆయుధముగాఁ గలది. ఎవరు గెలిచినను బిరుదము స్వదేశమునకే దక్కును. కావున ప్రేక్షకులు నిశ్చింతగా ఇరువురిని సమముగా చూచియుండవలసినది. అట్లు జరుగలేదు. వారికి కావలసినది గెలుపుమాత్రమే కాదు, తాము కోరినదాని గెలుపు. వాన వచ్చి కొంతసేపు ఆట ఆఁగెను. మఱల మొదలుపెట్టిరి. ట్రూమన్ మొదటి సెట్టు గెలిచి, రెండవదానిలో 4-3తో ముందుండఁగా, తడిసిన పచ్చికపై కాలుజాఱి పడెను. లేచినదిగాని ఆ పట్టు మఱల చిక్కలేదు. 4-6, 6-4, 7-5తో మార్టిమర్ గెలిచెను. జనులు గెలిచినదానిని గౌరవించిరి, ఓడినదానికై విచారించిరి.

శ్రోతలారా, ఈ మార్టిమరుకును చెవులు సరిగా వినఁబడవు. చప్పట్లు వినఁబడెడివనియు, తక్కిన సవ్వడు లంతగా తెలియకుండెననియు, ఏకాగ్రతకు అది తోడ్పడెననియు ఆమెయే పిమ్మట చెప్పినది. షార్లట్ కూపరును గూర్చిన ప్రశ్న నిచ్చట మఱల జ్ఞాపకము చేసికొనవలెను. సొంతగడ్డపై ఆడువారికి జనుల ఆదరము బలమని మనమందఱము అనుకొందుము. ఆదరముతోఁగూడ అపేక్షయు వచ్చును. బంతి పొరపాటున వలకు తగిలినపుడు పదునైదువేలమంది ఒక్కసారిగా విడుచు నిట్టూర్పు చెవినిఁబడకుండ ఉండుట ఒక వరమే కావచ్చును. ఎదిరి దెబ్బకు బదులుదెబ్బ కలదు. నిట్టూర్పునకు బదులు చెప్పు దెబ్బ యేదియు లేదు.

ఆన్ జోన్సు 1969లో గెలిచెను. ఎడమచేతివాటముగల యామె మొదట బల్లమీఁది టెన్నిసులో ప్రపంచపోటీల తుదిదాఁక వెళ్లినది. సెమీఫైనలులో మార్గరెట్ కోర్టును, తుదిపోటీలో బిల్లీ జీన్ కింగును, అనఁగా ఆ కాలపు మేటులను ఇరువురిని, మొదటి సెట్టు ఓడియే జయించెను. అప్పటికి ధనబహుమానములు వచ్చి యొక యేఁడయ్యెను. 1968లో పురుషునకు రెండువేల పౌన్లు, స్త్రీకి ఏడువందల యేఁబది. ఈ వ్యత్యాసము పూర్తిగా పోవుటకు 2007వ సంవత్సరము రావలసివచ్చినది. వెండిబుట్టనాఁటి బుద్ధి అంతకాలము నిలిచెను.

అపేక్షయను బరువును వర్జీనియా వేడ్ మోసినంత కాలము మఱియెవ్వరును మోయలేదు. ఆమెయు ఒక చర్చిగురువు కూఁతురే, దక్షిణాఫ్రికాలో పెరిగినది. 1968లో అమెరికాలోను, 1972లో ఆస్ట్రేలియాలోను మహాపోటీలు గెలిచినది. స్వదేశమున మాత్రము 1962నుండి ఏటేట వచ్చుట, ఏటేట ఓడుట. 1977లో పదునాఱవమాఱు వచ్చెను. వింబుల్డను పోటీలకు అది నూఱవయేఁడు; రాణి రెండవ ఎలిజబెత్తు పరిపాలనకు ఇరువదియైదేండ్లు నిండిన యుత్సవపు సంవత్సరము. పదునైదేండ్లుగా ఆ పచ్చికకు రాని రాణి ఆ తుదిపోటీకి వచ్చి కూర్చుండెను.

నే నప్పుడు సంస్కృతవిద్యార్థిని. జూలై 1, శుక్రవారము. మనకు సాయంసంధ్య. వసతిగృహమునకు ఎదురుగనున్న కాఫీ హోటలులో దూరదేశపు ప్రసారములు పట్టు రేడియో యొకటి యుండెను. ఆంగ్లము మాకు అంతంతమాత్రము, అంకెలు తెలియును, జనుల ఘోష తెలియును. ఆ యాటలో సున్నను ‘లవ్’ అందురు. లవమనఁగా సంస్కృతమున అల్పమని యర్థము గనుక, ఆంగ్లేయు లీమాటను మననుండియే గొనిపోయిరని మా సహాధ్యాయి యొకఁడు ఘంటాపథముగా వాదించెను. మొదటి సెట్టు హాలండు వనితయగు బెట్టీ స్టోవ్ 6-4తో గెలిచినపుడు ఆ రేడియోలోని జనఘోష ఎట్లు అణఁగిపోయెనో, అది నాకిప్పటికిని చెవులలో నున్నది. రెండవది 6-3తో వేడ్ గెలిచెను. మూఁడవదానిలో 6-1. ముప్పదిరెండేండ్లు నిండుటకు తొమ్మిదిదినములు తక్కువ. రాణి చేతినుండి పళ్లెము నందుకొనఁగా జనులు ఒక్కగొంతుతో పాడిరి. ఆ పాట మాకు తెలియదు. అయినను హోటలులో ఎవ్వరును లేవలేదు.

మా పెద్దకుమారుఁడు లండనులో నున్నందున 2019లో ఆ స్థలమును కన్నులారఁ జూచు భాగ్యము గలిగెను. తెల్లవారుజామున బారులో నిలిచి, ఆవరణప్రవేశపు టిక్కెట్టు కొని, లోపలి గుట్టమీఁద పచ్చికపై కూర్చుండి, పెద్దతెఱపై చూచితిమి. ఆ గుట్టను జనులు హెన్మన్ గుట్ట యందురు. టిం హెన్మన్ నాలుగుమాఱులు సెమీఫైనలుదాఁక పోయి, ఒక్కమాఱైనను తుదిపోటీ చేరనివాఁడు. గెలిచిన వనితల పేర గుట్ట యేదియు లేకపోవుట నాకు వింతగా తోఁచెను. ఆనాఁడు జొహానా కాంటా యాడుచుండెను. హంగరీ తలిదండ్రులకు ఆస్ట్రేలియాలో పుట్టి బ్రిటిషు పౌరురాలైన వనిత; 2017లో సెమీఫైనలు చేరి, ముప్పదితొమ్మిదేండ్ల కొఱఁత తీర్చినది. చెకు దేశపు బార్బొరా స్ట్రిట్సొవాపై 4-1తో ముందుండఁగా గుట్టయంతయు ఉత్సాహముతో నూఁగెను. పిమ్మట ఆట తిరిగినది. నా ప్రక్కనున్న వృద్ధురాలొకతె ప్రతి తప్పునకును కనులు మూసికొనుచు, మఱల తెఱచుచుండెను. 7-6, 6-1తో కాంటా ఓడెను. నిందించినవారు లేరు. అందఱును ఒక్క నిట్టూర్పు మాత్రము విడిచిరి. నేనును విడిచితిని, నాకు ఆ దేశముతో నేమి సంబంధము? మన హైదరాబాదు ఆఁడుబిడ్డ సానియా మీర్జా 2015లో అదే చోట జంటల పోటీ గెలిచినపుడు ఇంట కూర్చుండి టెలివిజనులో చూచి ఎంత పొంగితినో, ఇప్పు డంత క్రుంగితిని.

2021లో ఎమ్మా రదుకాను అను పదునెనిమిదేండ్ల బాలిక వింబుల్డనులో మూఁడాటలు గెలిచి నాలుగవదానికి వచ్చెను. తండ్రి రుమేనియావాఁడు, తల్లి చీనాదేశస్థురాలు, పుట్టినది కెనడా, పెరిగినది లండను. అప్పటికే పత్రికలలో ఆమె బొమ్మలు నిండిపోయినవి. నాలుగవ యాటలో ఊపిరి సలుపక మధ్యలోనే ఆఁపివేయవలసివచ్చెను. రెండునెలలు దాటినపిమ్మట, తనవారు అంతగా లేని న్యూయార్కులో, అర్హతపోటీలనుండి మొదలిడి, ఒక్క సెట్టైనను ఓడక, అమెరికా మహాపోటీని గెలిచెను. చూచుచున్న జనములో వర్జీనియా వేడ్ కూర్చుండియుండెను.

వింబుల్డను వెండిపళ్లెముపై మాత్రము 1977 తరువాత 2025 పోటీ ముగియువఱకును బ్రిటిషు వనిత పేరు చేరలేదు. ఆ 2025 తుదిపోటీలో పోలెండు వనితయగు ఇగా ష్వియాంటెక్ అమెరికా వనితయగు అమాండా అనిసిమొవాను 6-0, 6-0తో గెలిచెను. అచ్చటి స్త్రీల తుదిపోటీలో అంతకుముందెన్నఁడైన నిట్లు జరిగెనా యని వర్ణించువారు పాతపుటలు తిరుగవేయఁగా 1911వ సంవత్సరము దొరకినది. ఆనాఁడు డోరా బూత్బీ యను నామెకు ఒక్క గేమైనను ఈయక గెలిచినది డొరొథియా లాంబర్ట్ చేంబర్సు. నూటపదునాలుగేండ్ల పిమ్మట ఆ సాయంకాలము ఆమె పేరు దేశదేశముల ప్రసారములలో వినఁబడినది.